స్కాట్లాండ్ మాటలున్న క్రాస్‌వర్డ్ ఆధారాలు విప్పడం ఎలా

ఇంగ్లిష్ క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌లో చేయి తిరిగినవాళ్ళు కూడా ఆధారంలో ‘ఇన్ గ్లాస్గో’ అన్న ముక్క కనబడగానే దాన్ని వదిలేసి పక్కదానికి పోతుంటారు. స్కాట్లాండ్ మాటలు మనకెక్కడ తెలుస్తాయిలే అనుకుంటారు. రోజూ వచ్చే పజిళ్ళకైతే ఓ నలభై యాభై మాటలు వస్తే చాలావరకు గడిచిపోతుంది. వాటిలోనూ చాలా మాటలు ఇంగ్లిష్ స్పెల్లింగును కొంచెం వంచితే వచ్చేవే. చిక్కంతా ఆ ‘గ్లాస్గో’ పక్కనున్న ఏ మాటను పట్టుకుని ఉందో తేల్చుకోవడం దగ్గరే వస్తుంది.

క్రిప్టిక్ ఆధారంలో ఒక కొసన అర్థం, మిగతాదంతా అక్షరాల ఆట అన్న సంగతి మీకు తెలుసనే అనుకుని ఇది రాస్తున్నాం. హిందూ పత్రిక క్రిప్టిక్ చేసేవాళ్ళకు ఇక్కడ కొత్తగా అనిపించేది స్కాట్స్, అంటే స్కాట్లాండ్ వాడుక భాష, ముక్క ఒక్కటే. బ్రిటన్ పత్రికలు గార్డియన్, టైమ్స్ పజిళ్ళ వైపు వెళితే ఇది మరీ తరచుగా తగులుతుంది. మన గళ్ళ నుడికట్టులో ‘తెలంగాణలో ఎక్కడ, 2 గడులు’ అని ఇచ్చి ‘ఏడ’ అని రాయమంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఆధారాలు కూర్చేవాళ్ళకు ఈ మాటలంటే మోజు ఎందుకంటే, మామూలు ఇంగ్లిష్‌లో చిన్న మాటగా దొరకని అచ్చుల జంటలు వీటిలో దొరుకుతాయి. ఏ-ఈ అన్న రెండక్షరాలు ఒక పదం మధ్యలో పడ్డాయనుకోండి. ఇంగ్లిష్‌లో ‘ఏ-ఈ’ అని వాడుక మాట లేదు. స్కాట్స్‌లో మాత్రం అది ‘ఒకటి’. అందుకే ఏ-ఈ, ఈ-ఈ-ఎన్, ఏ-ఐ-ఎన్ లాంటి తునకలున్న జవాబుల్లో స్కాట్లాండ్ ఎక్కువగా తలెత్తుతుంది. ఇది తెలిస్తే వెనక నుంచి కూడా రావచ్చు. మీ పదాన్ని అడ్డంగానో నిలువుగానో దాటే పదాల వల్ల మీ గడుల్లో ఏ, ఈ పక్కపక్కన పడి, ఆధారంలో స్కాట్లాండ్ ఊరేదైనా ఉంటే, దారి దాదాపు దొరికినట్టే.

ఈ వ్యాసంలో మాటల్ని అక్షరం అక్షరంగా విడగొట్టి రాశాం. ఎలా పలుకుతారన్నది తర్వాత, గడిలో ఏ అక్షరం పడుతుందన్నది ముందు.

మొదటి పని: స్కాట్లాండ్ అక్కడ ఎందుకు ఉంది?

స్కాట్లాండ్‌ను గుర్తుచేసే మాట మూడు రకాలుగా పనిచేస్తుంది. ఏది జరుగుతోందో ముందు తేల్చండి.

ఒకటి, అది యాస గుర్తు. పక్కనున్న ఇంగ్లిష్ మాటను స్కాట్స్‌లోకి మార్చమని చెబుతుంది. ‘ఇన్ స్కాట్లాండ్’, ‘స్కాట్స్’, ‘స్కాటిష్’, ‘గ్లాస్వీజియన్’ (గ్లాస్గో మనిషి), ‘నార్త్ ఆఫ్ ద బోర్డర్’, ‘కాలిడోనియన్’, ‘హైలాండర్’ తిన్నగా చెప్పేవి. ఎడిన్‌బరా, డండీ, ఆబర్డీన్, లీత్, ఎయిర్, ఫైఫ్, స్టిర్లింగ్ లాంటి ఊళ్ళ, ప్రాంతాల పేర్లు కొంచెం దాచి చెప్పేవి. జాక్ (జే-ఓ-సీ-కే), హేమిష్, శాండీ అన్న మనుషుల పేర్లూ ఇదే పని చేస్తాయి.

రెండు, అది అర్థంలో భాగం. ‘స్కాటిష్ రివర్’ అంటే డీ, టే, డాన్, ఎస్క్, స్పే. ‘స్కాటిష్ ఐలండ్’ అంటే అయోనా, స్కై, మల్, అరన్, బ్యూట్. ‘స్కాటిష్ పోర్ట్’ అంటే ఎయిరో, ఓబనో. ఇక్కడ మాట మార్చేదేమీ లేదు, భూగోళం గుర్తుంటే చాలు. ‘స్కాటిష్ మౌంటెన్’ అంటే బీ-ఈ-ఎన్ గాని, మూడు వేల అడుగులు దాటిన కొండలకు వాడే ఎం-యూ-ఎన్-ఆర్-ఓ గాని.

మూడు, అది ఒక మనిషి. ‘స్కాట్’ లేదా ‘స్కాట్స్‌మన్’ అంటే ఐ-ఏ-ఎన్ లేదా ఎం-ఏ-సీ అని వేసుకోవడం పాత అలవాటు. ‘సన్ ఆఫ్ స్కాట్’ అన్నా ఎం-ఏ-సీ వైపే చూడండి.

దొంగ గుర్తులు కొన్ని ఉన్నాయి. పెర్త్ స్కాట్లాండ్‌లోనే కాదు, ఆస్ట్రేలియాలోనూ ఉంది. కాబట్టి ‘ఇన్ పెర్త్’ అంటే ఆస్ట్రేలియా వాడుక మాట కూడా అడుగుతుండవచ్చు. పెయిజ్లీ ఒక ఊరు, మన మామిడి పిందె అంచులాంటి డిజైన్‌కు కూడా అదే పేరు. అన్నిటికంటే ఎక్కువగా బోల్తా కొట్టించేది ‘బర్న్స్’. చూడ్డానికి ‘కాలుతోంది’ అన్న క్రియలా ఉంటుంది. అసలు ఉద్దేశం స్కాట్స్‌లో కవిత్వం రాసిన రాబర్ట్ బర్న్స్ (1759–1796). ‘ఫర్ బర్న్స్’, ‘యాజ్ బర్న్స్ సెడ్’ అంటే యాస గుర్తే. ఆ మాట ఆధారం మొదట్లో వస్తే పెద్దక్షరం చూసి కూడా తేల్చలేరు, ఎందుకంటే మొదటి మాటకు ఎలాగూ పెద్దక్షరమే. పైగా ‘బర్న్’ అంటే స్కాట్లాండ్‌లో వాగు. ‘స్ట్రీమ్’ అన్నచోట ఏ గుర్తూ ఇవ్వకుండానే బీ-యూ-ఆర్-ఎన్ వేయించేస్తారు. కెన్ (తెలుసు), వీ (చిన్న), లాక్ (సరస్సు), గ్లెన్ (లోయ) లాంటివి కూడా ఇంగ్లిష్‌లో కలిసిపోయాయి కనుక ఒక్కోసారి గుర్తు లేకుండానే వస్తాయి.

రెండో పని: గుర్తు ఏ మాటకు అతుక్కుంది?

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా చెడుతుంది. ఈ ఆధారం చూడండి: ‘క్లైంబ్ ఓన్ స్కాటిష్ పీక్’, 8 అక్షరాలు.

చదవగానే ‘స్కాటిష్ పీక్’ జంటగా వినబడుతుంది. వెంటనే మనసు బెన్ నెవిస్ కొండ దగ్గరికి పోతుంది. కూర్చినవారికి కావలసింది అదే. ‘స్కాటిష్’ను ‘పీక్’ నుంచి విడదీసి వెనక్కి, ‘ఓన్’ వైపు తిప్పండి. ‘ఓన్’ను స్కాట్స్‌లో చెబితే ఏ-ఐ-ఎన్. ‘క్లైంబ్’ అంటే ఎం-ఓ-యూ-ఎన్-టీ. రెండూ కలిపితే మౌంటెన్, ఎనిమిది అక్షరాలు. ‘పీక్’ ఒక్కటే అర్థం. పై చదువుకు ‘స్కాటిష్’ కుడివైపు మాటకు విశేషణం, లోపలి ఆటకు ఎడమవైపు మాటకు గుర్తు.

కాబట్టి గుర్తు కనబడగానే దానికి రెండువైపులా ఉన్న మాటల్ని విడివిడిగా పరీక్షించండి. ‘ఇన్ గ్లాస్గో’, ‘ఇన్ లీత్’ అని వస్తే మార్చాల్సిన మాట సాధారణంగా ముందు ఉంటుంది. ‘గ్లాస్వీజియన్స్’ అని ఒకరి సొత్తులా వస్తే తర్వాత ఉంటుంది. ‘స్కాటిష్’, ‘స్కాట్స్’ అటూ ఇటూ దేనికైనా అతుకుతాయి.

ఇదే పని ‘ఇన్’ అన్న చిన్న మాట కూడా చేస్తుంది. ‘జీర్, దెన్ గివ్ ఇన్ స్కాట్లాండ్ ఎ డాన్స్’, 6 అక్షరాలు. ‘గివ్ ఇన్’ అంటే లొంగిపోవడం అని చదువుకుంటే ముందుకు కదలదు. ‘గివ్’ దగ్గర ఆగండి, ‘ఇన్ స్కాట్లాండ్’ను గుర్తుగా పక్కన పెట్టండి. ‘గివ్’ స్కాట్స్‌లో జీ-ఐ-ఈ. ‘జీర్’ అంటే గేలి చేయడం, బీ-ఓ-ఓ. బూగీ అన్న నాట్యం వచ్చింది.

మార్చే మాట ఒకటికి మించి ఉండడం అరుదు. ‘నో ఓల్డ్ ఇన్ స్కాట్లాండ్’ అని కనబడితే ముందు ‘ఓల్డ్’ ఒక్కదాన్నే మార్చి చూడండి. గుర్తు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం.

మూడో పని: ఎన్ని అక్షరాలు కావాలో లెక్క

ఆధారంలో మిగతా ముక్కల్ని ముందు వేసేసుకోండి. మొత్తం ఏడు, మిగతా వాటికి అయిదు పోయాయంటే స్కాట్స్ ముక్క రెండక్షరాలది. ‘పబ్, వన్ ఇన్ గ్లాస్గో, ఫ్యాషన్ క్యారేజ్’, 7 అక్షరాలు. పబ్ అంటే పీ-హెచ్, ఫ్యాషన్ అంటే టీ-ఓ-ఎన్. మిగిలింది రెండు. స్కాట్స్‌లో ‘ఒకటి’కి మూడు రూపాలున్నాయి: ఏ-ఈ, ఏ-ఎన్-ఈ, వై-ఐ-ఎన్. రెండక్షరాలది ఒక్కటే. ఫేటన్ అన్న గుర్రబ్బండి వచ్చేసింది.

స్కాట్స్ ముక్క ఎప్పుడూ మొదట్లోనో చివర్లోనో ఉండాలని లేదు. ‘లిటిల్ స్కాట్స్ ఇన్ స్ట్రీట్ గెట్ పుడింగ్’, 5 అక్షరాలు: డబ్ల్యూ-ఈ-ఈ పోయి స్ట్రీట్ పొట్టిరూపం ఎస్-టీ మధ్యలో కూర్చుంటే స్వీట్. తిరగేసి వేయించడం కూడా న్యాయమే. కాని ఆధారంలో కనబడని స్కాట్స్ మాటను మీరే ఊహించి, దాని అక్షరాలు మళ్ళీ కలగాపులగం చేయమని అడగడం న్యాయం కాదు, మంచి పత్రికల్లో అలా ఇవ్వరు. అటు ఆలోచించి టైం పాడుచేసుకోకండి.

నాలుగో పని: మాట మార్చడం

ఈ కొన్ని మాటలు కంఠతా పట్టేయండి. నో అంటే ఎన్-ఏ-ఈ. హ్యావ్ అంటే హెచ్-ఏ-ఈ. గో అంటే జీ-ఏ-ఈ, లేదా జీ-ఏ-ఎన్-జీ. సో అంటే ఎస్-ఏ-ఈ. ఫ్రమ్ అంటే ఎఫ్-ఆర్-ఏ-ఈ. నో, అంటే ‘తెలుసు’ అన్న నో, కే-ఈ-ఎన్. సచ్ అంటే ఎస్-ఐ-సీ. ఈచ్, ఎవ్రీ అంటే ఐ-ఎల్-కే-ఏ. వెరీ అంటే జీ-ఈ-వై, లేదా యూ-ఎన్-సీ-ఓ. ఇఫ్ అంటే జీ-ఐ-ఎన్.

ఒంటి భాగాల్లో కన్ను ఈ-ఈ, కళ్ళు ఈ-ఈ-ఎన్, చెవి ఎల్-యూ-జీ, ముక్కు ఎన్-ఈ-బీ, తల పీ-ఓ-డబ్ల్యూ. ఇంటి చుట్టూ చూస్తే పొగగొట్టం ఎల్-యూ-ఎం, చొక్కా ఎస్-ఏ-ఆర్-కే, గేటు వై-ఈ-టీ-టీ, లోపలి గది బీ-ఈ-ఎన్, బయటి గది బీ-యూ-టీ. ఈ చివరిది మహా దొంగ. ‘రూమ్ ఇన్ స్కాట్లాండ్’ అని ఉంటే ‘బట్’ గుర్తుకొచ్చేవాళ్ళు తక్కువ. ఇక నక్క టీ-ఓ-డీ, ఆవులు కే-వై-ఈ, కొండవాలు బీ-ఆర్-ఏ-ఈ, సందు డబ్ల్యూ-వై-ఎన్-డీ, దిక్కు ఏ-ఐ-ఆర్-టీ, సముద్రపు మంచు హెచ్-ఏ-ఏ-ఆర్.

మిగతావి గుర్తుపెట్టుకునే కంటే తయారుచేసుకోవడం తేలిక. స్కాట్స్ ఇంగ్లిష్‌కు తోబుట్టువు లాంటి భాష. చాలాచోట్ల ఒకే పాత మాట రెండు దారుల్లో నడిచింది. ఆ దారులు తెలిస్తే స్పెల్లింగ్ మీరే కట్టవచ్చు.

దీర్ఘమైన ‘ఓ’ ఉన్నచోట ‘ఏ’ వస్తుంది. స్టోన్ ఎస్-టీ-ఏ-ఎన్-ఈ, హోమ్ హెచ్-ఏ-ఎం-ఈ, బోన్ బీ-ఏ-ఎన్-ఈ. మోర్ ఎం-ఏ-ఐ-ఆర్, సోర్ ఎస్-ఏ-ఐ-ఆర్. ‘ఔ’ ఉన్నచోట ‘ఊ’: హౌస్, మౌస్, డౌన్, టౌన్‌లలో రెండు ఓలు పెట్టండి, కౌ అయితే సీ-ఓ-ఓ. నైట్, రైట్, లైట్‌లలో జీ-హెచ్ తీసి సీ-హెచ్ పెట్టండి. హెడ్, డెడ్, బ్రెడ్‌లలో ఈ-ఏ తీసి ఈ-ఐ పెట్టండి. గుడ్, బ్లడ్‌లలో రెండు ఓల బదులు యూ-ఐ.

చివర రెండు ఎల్‌లు ఉంటే రాలిపోతాయి. ఆల్, బాల్, కాల్, ఫాల్ వరుసగా ఏ, బీ-ఏ, సీ-ఏ, ఎఫ్-ఏ అవుతాయి. పుస్తకంలో వీటి చివర అపాస్ట్రఫీ ఉంటుంది గాని గడిలో దానికి చోటు లేదు. ‘కాల్ ఇన్ స్కాట్లాండ్’కు రెండక్షరాల సీ-ఏ సరిపోయేది అందుకే. మధ్యలో వీ ఉంటే అదీ ఎగిరిపోతుంది: హ్యావ్, గివ్ ఇంతకుముందు చూశాం, డెవిల్ డీ-ఈ-ఐ-ఎల్, సిల్వర్ ఎస్-ఐ-ఎల్-ఎల్-ఈ-ఆర్. ఈ సిల్లర్ అంటే వెండే కాదు, డబ్బు కూడా. ఓల్డ్, కోల్డ్ ఏ-యూ-ఎల్-డీ, సీ-ఏ-యూ-ఎల్-డీ.

ఇంగ్లిష్‌లో ‘చ’ పలికేచోట స్కాట్స్‌లో ‘క’ గట్టిగా నిలబడింది. చర్చ్ కే-ఐ-ఆర్-కే, చెస్ట్ అంటే పెట్టె కే-ఐ-ఎస్-టీ, బర్చ్ చెట్టు బీ-ఐ-ఆర్-కే. ‘జ’ ఉన్నచోట ‘గ’: బ్రిడ్జ్ బీ-ఆర్-ఐ-జీ, రిడ్జ్ ఆర్-ఐ-జీ. క్రియకు ‘నాట్’ తగిలితే చివర ఎన్-ఏ: డోంట్ డీ-ఐ-ఎన్-ఎన్-ఏ, కాంట్ సీ-ఏ-ఎన్-ఎన్-ఏ.

ఈ సూత్రాలు ప్రతి మాటకూ పనిచేయవు. తయారుచేసిన రూపం దాటే అక్షరాలతో కుదిరాకే పెన్నుతో రాయండి.

కాలం, వచనం సరిచూసుకోండి

జవాబు తప్పడానికి ఇదో పెద్ద కారణం. ‘నో’ అంటే కెన్, ‘న్యూ’ అంటే, అదే తెలిసింది అంటే, కే-ఈ-ఎన్-టీ. ‘న్యూ ఇన్ స్కాట్లాండ్ ఎ కౌంటీ ఇన్ ఇంగ్లండ్’, 4 అక్షరాలు. కెంట్. ‘వెంట్’ అంటే జీ-ఏ-ఈ-డీ, ‘గివ్స్’ అంటే జీ-ఐ-ఈ-ఎస్. ‘షూస్’ అని బహువచనంలో ఉంటే ఎస్ కోసం చూడకండి, ఎస్-హెచ్-ఓ-ఓ-ఎన్.

ఏ-ఐ-ఎన్, ఏ-ఎన్-ఈ మధ్య తికమక కూడా తరచుగా జరిగేదే. మొదటిది ‘సొంత’, రెండోది ‘ఒకటి’.

తిరగబడిన ఆధారాలు

ఇంతవరకు ఇంగ్లిష్ మాట ఇచ్చి స్కాట్స్ అడిగారు. ఒక్కోసారి స్కాట్స్ మాటను ఆధారంలోనే పెట్టి ఇంగ్లిష్ అడుగుతారు. ‘గ్రీట్ ఇన్ గ్లాస్గో’, 4 అక్షరాలు అంటే నమస్కారం పెట్టడం కాదు. స్కాట్స్‌లో ‘గ్రీట్’ అంటే ఏడవడం, జవాబు వీప్. అదే మాటతో ‘సే హలో అండ్ వీప్ ఇన్ గ్లాస్గో’, 5 అక్షరాలు అని ఇస్తే రెండు అర్థాలకూ గ్రీటే జవాబు. ఇంగ్లిష్‌లో ఒకటి, స్కాట్స్‌లో ఇంకొకటి అయ్యే ఇలాంటి మాటలు విడిగా రాసిపెట్టుకోండి: గ్యాంగ్ అంటే వెళ్ళు, రీక్ అంటే పొగ, బర్న్ అంటే వాగు, లూన్ అంటే కుర్రాడు.

జవాబే స్కాట్స్ అయితే

నల్ల గడులు లేకుండా మందపు గీతలతో విడగొట్టిన పజిళ్ళది వేరే లోకం. బ్రిటన్ పత్రిక అబ్జర్వర్‌లో 1972 నుంచి వచ్చిన అజెడ్ పజిల్ వీటిలో పేరున్నది. ఇక్కడ జవాబు మొత్తం పాత స్కాట్స్ మాటే కావచ్చు. ఊహించడం కుదరదు. అక్షరాల ఆటతో పదాన్ని ముందు కట్టి, తర్వాత డిక్షనరీలో ఉందో లేదో చూడాలి. అందుకు చేంబర్స్ డిక్షనరీ కావాలి. ఆ ప్రచురణ సంస్థ ఎడిన్‌బరాలో పుట్టింది. స్కాట్స్ మాటల్ని అది ఉదారంగా చేర్చుకుంటూ వచ్చింది, ఈ పజిళ్ళూ దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నాయి. ఇంకొక డిక్షనరీలో మాట దొరకనంత మాత్రాన మీ జవాబు తప్పనుకోకండి. అర్థం, వాడుక లోతుగా చూడాలంటే డిక్షనరీస్ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్ సైట్ ఉచితమే. 1931–1976 మధ్య వెలువడిన పది సంపుటాల స్కాటిష్ నేషనల్ డిక్షనరీ కూడా అందులోనే ఉంది.

ఈ స్థాయిలో గుర్తు ఏ ప్రాంతమో కూడా పట్టించుకోండి. షెట్లాండ్, ఆర్క్నీ దీవులు అంటే నార్స్ (పాత స్కాండినేవియా భాష) వాసన ఉన్న మాటలు: చిన్నది అంటే పీ-ఈ-ఈ-ఆర్-ఐ-ఈ, సముద్రపు పాయ అంటే వీ-ఓ-ఈ. ఆబర్డీన్ అంటే ఈశాన్యపు యాస డోరిక్. అక్కడ డబ్ల్యూ-హెచ్ బదులు ఎఫ్ పలుకుతుంది, ‘వాట్’ ఎఫ్-ఐ-టీ అవుతుంది. ఫ్రెంచ్ కొంచెం వచ్చినవాళ్ళకు ఇంకో లాభం. స్కాట్లాండ్‌కు ఫ్రాన్స్‌తో పాత స్నేహం ఉండడంతో పెద్ద పళ్ళెం ‘యాషెట్’, కప్పు ‘టాసీ’, విసిగించడం ‘ఫ్యాష్’ అక్కడి నుంచే వచ్చాయి. గేలిక్ మాత్రం పూర్తిగా వేరే భాష. ‘గేలిక్’ అని విడిగా ఇస్తే యాస గుర్తు అనుకోకండి, చాలాసార్లు దానికి ఈ-ఆర్-ఎస్-ఈ అన్న నాలుగక్షరాల పర్యాయపదం వేయమనే అర్థం.

ఇవి చేసి చూడండి

పెన్ను తీసుకోండి, జవాబులు చేత్తో మూసుకోండి.

‘క్వయట్! ఐస్ ఇన్ స్కాట్లాండ్ షో లస్టర్’, 5 అక్షరాలు. ఇక్కడ ఐస్ అంటే కళ్ళు.
‘చర్చెస్ ఓన్ స్కాటిష్ సిరీస్’, 5 అక్షరాలు. చర్చెస్ బహువచనం కాదు, ‘చర్చి యొక్క’.
‘ఫర్మ్ స్కాటిష్ చిమ్నీ, న్యూ పిల్లర్’, 6 అక్షరాలు. ఈ న్యూ అంటే కొత్త.
‘కోల్డ్ స్కాటిష్ రోనల్డ్స్ పాట్’, 8 అక్షరాలు.
‘మైక్, హ్యావ్ ఇన్ స్కాట్లాండ్, లార్జ్ ఏంజెల్’, 7 అక్షరాలు.

మొదటిది షీన్. నిశ్శబ్దానికి ఎస్-హెచ్, కళ్ళకు ఈ-ఈ-ఎన్, మెరుపు అర్థం. రెండోది చెయిన్: చర్చికి సీ-హెచ్, సొంతానికి ఏ-ఐ-ఎన్. ‘స్కాటిష్ సిరీస్’ అని చదివినవాళ్ళు ‘మౌంటెన్’ దగ్గరికి వెనక్కి వెళ్ళి రండి. మూడోది కాలమ్: ‘ఫర్మ్’ అంటే గట్టిది కాదు, కంపెనీ, సీ-ఓ. తర్వాత పొగగొట్టం ఎల్-యూ-ఎం, కొత్తదానికి ఎన్. నాలుగోది కాల్డ్రన్: రోనల్డ్ స్కాట్లాండ్ వాడేమీ కాదు, గుర్తు ‘కోల్డ్’కు చెందింది. సీ-ఏ-యూ-ఎల్-డీకి రోనల్డ్ ముద్దుపేరు ఆర్-ఓ-ఎన్ కలిపితే పెద్ద వంటపాత్ర. అయిదోది మైకేల్: మైక్రోఫోన్‌కు ఎం-ఐ-సీ, తర్వాత హెచ్-ఏ-ఈ, లార్జ్‌కు ఎల్. మధ్యలో ఏ-ఈ పక్కపక్కనే ఉన్నాయి చూడండి, దాటే పదాలు ముందు పూర్తయి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్ళు.